తాళం చెవి ఎవరి చేతిలో?

గోదావరి కాలువ గట్టు మీద ఒక ఊరు. ఊళ్లో వంద గడపలు. వాటిలో పదిహేను గడపల ఆడవాళ్లు గల్ఫ్ దేశాలు చూసి వచ్చినవాళ్లే. కొందరు కువైట్ వెళ్లారు. కొందరు మస్కట్ వెళ్లారు. కొందరు దుబాయ్ వెళ్లారు. అక్కడి ఇళ్లలో వంట చేశారు. పిల్లల్ని పెంచారు. ముసలివాళ్లకు సేవ చేశారు.

సత్యవతి కూడా అలా వెళ్లిన మనిషే. 2006లో కువైట్ వెళ్లింది. 2012లో తిరిగి వచ్చింది. ఆరేళ్లు ఒళ్లు వంచి పని చేసింది. నెలనెలా డబ్బు పంపింది. కానీ ఆ డబ్బు సత్యవతి పేరున రాలేదు. ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. డబ్బంతా తమ్ముడి పేరున వచ్చింది. డబ్బు కట్టినప్పుడల్లా రసీదు ఇచ్చేవారు. సత్యవతి వాటిని ఒక రేకు డబ్బాలో దాచింది. చదవడం రాదు కాబట్టి ఎప్పుడూ విప్పి చూడలేదు.

తిరిగి వచ్చాక తమ్ముణ్ణి అడిగింది.

"నా డబ్బేదిరా?"

"ఇంటికి రేకులేశాం. చెల్లి పెళ్లి చేశాం. అప్పు తీర్చాం. ఇంకా ఎక్కడిది అక్కా?" అన్నాడు తమ్ముడు.

సత్యవతి నోట మాట రాలేదు. తమ్ముడు దొంగ కాదు. కానీ లెక్క అతని దగ్గరే ఉంది. పెట్టె అతనిదే. తాళం చెవీ అతనిదే.

తర్వాత సత్యవతి రాత్రి బడిలో చేరింది. అక్షరాలు నేర్చింది. కూడికలు నేర్చింది. ఒకరోజు ఆ రేకు డబ్బా దించింది. రసీదులు ఒక్కొక్కటే చదివింది. పలక మీద వేసి కూడింది. మొత్తం చూసింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

2024లో సత్యవతి చెల్లెలి కూతురు నాగమణి సౌదీ ప్రయాణం పెట్టుకుంది. నాగమణికి అప్పటికి 34 ఏళ్లు. భర్త సూరిబాబు కూలి పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు. ఇంటి మీద అప్పు ఉంది.

"వెళ్లొద్దని నేను అనను నాగమణీ. కానీ నాలాగా మాత్రం వెళ్లకు. నీ కష్టం నీ పేరున ఉండాలి. ముందు ఫోనులో బ్యాంకు నేర్చుకో. తర్వాతే విమానం ఎక్కు" అంది సత్యవతి.

ఫోనులో బ్యాంకు అంటే ఏమిటి?

నాగమణికి 2014లోనే జన్‌ధన్ ఖాతా ఉంది. రూపే కార్డు కూడా ఇచ్చారు. ఆ కార్డు పెట్టె అడుగున చీరల కింద పడి ఉంది. పొదుపు సంఘం లీడరు సుబ్బలక్ష్మి దాన్ని బయటికి తీయించింది.

"ఫోనులో డబ్బు ఉంటుందా వదినా? ఫోను పోతే డబ్బు పోతుందా?" అని అడిగింది నాగమణి.

"ఫోనులో డబ్బు ఉండదు. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది. ఫోను దానికి తలుపు లాంటిది. తలుపు ఊడితే కొత్తది పెట్టించుకుంటాం. లోపలి సొమ్ము ఎక్కడికీ పోదు" అంది సుబ్బలక్ష్మి.

మన దేశంలో ఈ పద్ధతిని యూపీఐ అంటారు. ఇది 2016లో మొదలైంది. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే వంటివి ఆ తలుపులే. వీటిని యాప్‌లు అంటారు. ఏ యాప్ పెట్టుకున్నా డబ్బు కదిలేది మన బ్యాంకు ఖాతాలోంచే.

ఈ తలుపు తెరవాలంటే మూడు కావాలి.

ఒకటి, బ్యాంకులో రాయించిన ఫోను నంబరు. ఆ సిమ్ మన ఫోనులోనే ఉండాలి.

రెండు, బ్యాంకు ఖాతా. అది మన పేరున ఉండాలి.

మూడు, పిన్. పిన్ అంటే నాలుగు లేదా ఆరు అంకెల రహస్య సంఖ్య. అదే తాళం చెవి. అది మన బుర్రలోనే ఉండాలి.

నాగమణి పిన్ పెట్టుకునేటప్పుడు సూరిబాబు పక్కనే ఉన్నాడు.

"పుట్టిన సంవత్సరం పెట్టెయ్. గుర్తుంటుంది" అన్నాడు.

"నాకు గుర్తుండేది ఊరందరికీ తెలిసేదే అయితే అది తాళం ఎలా అవుతుంది?" అంది నాగమణి.

పుట్టిన సంవత్సరం పెట్టలేదు. ఒకటి రెండు మూడు నాలుగు అని కూడా పెట్టలేదు. తనకు మాత్రమే తెలిసిన అంకెలు పెట్టుకుంది. ఎక్కడా రాయలేదు.

రోజు ఖర్చు

మొదటి రోజు నాగమణి కిరాణా కొట్టుకు వెళ్లింది. కందిపప్పు కొంది. కొట్టు గోడకు గళ్లు గళ్లుగా ఉన్న నల్ల బొమ్మ అంటించి ఉంది. దాన్ని క్యూఆర్ బొమ్మ అంటారు. ఫోను దాని ముందు పెట్టింది. కొట్టాయన పేరు ఫోనులో కనబడింది. నాగమణి కూడబలుక్కుని ఆ పేరు చదివింది. అది ఆయన పేరే. అప్పుడు డబ్బు ఎంతో వేసింది. పిన్ కొట్టింది. కొట్టులో ఉన్న చిన్న పెట్టె డబ్బు వచ్చిందని గట్టిగా పలికింది. నాగమణి నవ్వింది.

పేరు చదివాకే పిన్ కొట్టాలి. ఇది మొదటి పాఠం. ఎందుకంటే కొన్నిచోట్ల మోసగాళ్లు కొట్టువాళ్ల బొమ్మ మీద తమ బొమ్మ అంటించి పోతారు. మనం చదవకుండా కొడితే డబ్బు దొంగ ఖాతాకు చేరుతుంది. చదువు వచ్చిన కన్ను అక్కడే పనికి వస్తుంది.

నెల గడిచింది. నాగమణి బ్యాంకు కాగితం చూసింది. టీకి 10, బిస్కట్లకు 20, రీచార్జికి 50. ఇలా చిన్న చిన్న ఖర్చులే రెండు వేలు దాటాయి.

"ఇంత ఎప్పుడు ఖర్చు పెట్టాను?" అనుకుంది.

కొంగున ముడివేసిన నోటు తగ్గితే చేతికి తెలుస్తుంది. ఫోనులో డబ్బు తగ్గితే చేతికి తెలియదు. అందుకని నాగమణి ఒక నోటు పుస్తకం కొంది. ప్రతి రాత్రీ ఆ రోజు ఖర్చు రాసింది. రెండో నెల ఖర్చు తగ్గింది.

ఇంకో మంచి పని కూడా చేసింది. యూపీఐకి కలిపిన ఖాతాలో వారం ఖర్చుకు సరిపడా డబ్బే ఉంచింది. మిగతాది పొదుపు సంఘంలో వేసింది. రోజూ సంతకు తీసుకెళ్లే సంచిలో ఇంటి సొమ్మంతా పెట్టుకుని తిరగం కదా!

పోలమ్మ ఎలా మోసపోయింది?

పోలమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. 2022లో ఆమెకు ఒక ఫోను వచ్చింది.

"అమ్మా, మేము పెళ్లిళ్లకు వంటలు చేస్తాం. మాకు 4,000 రూపాయల చేపలు కావాలి. డబ్బు ముందే పంపుతాం. మీ ఇంట్లో ఇంకో ఫోను ఉందా? దానికి బొమ్మ పంపుతాను. మీ ఫోనుతో ఆ బొమ్మ తీసి పిన్ కొట్టండి. డబ్బు మీకు వచ్చేస్తుంది" అన్నాడు అవతలి మనిషి.

పెద్ద బేరం. పోలమ్మ సంబరపడింది. మనవడి ఫోనుకు బొమ్మ వచ్చింది. పోలమ్మ తన ఫోను దాని ముందు పెట్టి పిన్ కొట్టింది. ఆమె ఖాతాలోంచే 4,000 పోయాయి.

"పొరపాటు జరిగిందమ్మా. ఇంకోసారి కొట్టండి. రెండూ కలిపి తిరిగి వస్తాయి" అన్నాడు.

పోలమ్మ మళ్లీ కొట్టింది. మొత్తం 8,000 పోయాయి. ఆ మనిషి మళ్లీ ఫోను ఎత్తలేదు.

పోలమ్మ ఎవరికీ చెప్పలేదు. నలుగురూ నవ్వుతారని సిగ్గుపడింది. అయిదు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి సంఘంలో చెప్పి ఏడ్చింది. సుబ్బలక్ష్మి ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లింది. అప్పటికే డబ్బు ఆ ఖాతాలోంచి వెళ్లిపోయింది.

"మొదటి గంటలో వచ్చి ఉంటే ఆపడానికి వీలుండేదమ్మా" అన్నాడు బ్యాంకాయన.

ఇది రెండో పాఠం. డబ్బు పంపడానికి పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా "డబ్బు వస్తుంది, పిన్ కొట్టు" అంటే వాడు దొంగే. ఫోను పెట్టెయ్యాలి.

మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ నేరాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు. బ్యాంకుకు కూడా చెప్పాలి. ఆలస్యం చేయకూడదు. సిగ్గు పడాల్సింది మోసం చేసినవాడు. మోసపోయినవాళ్లు కాదు.

పోలమ్మ ఫోను వాడడం మానలేదు. ఇప్పుడు ఆమె గంప పక్కన కూడా క్యూఆర్ బొమ్మ ఉంది. కొనేవాళ్లు "ఇదిగో, పంపేశాను" అని తమ ఫోను చూపిస్తారు. పోలమ్మ వాళ్ల ఫోను చూడదు. తన ఫోనులో బ్యాంకు సందేశం వచ్చిందా లేదా చూస్తుంది. వచ్చాకే చేపలు సంచిలో వేస్తుంది.

ప్రయాణానికి ముందు

నాగమణి ప్రయాణం దగ్గరపడింది. పదో తరగతి పాసు కాని ఆడవారికి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లే అనుమతి రావాలంటే 30 ఏళ్లు నిండాలి. అదీ ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థ ద్వారానే వెళ్లాలి. నాగమణి అలాగే కాగితాలు చేయించుకుంది. తర్వాత సత్యవతితో కలిసి బ్యాంకుకు వెళ్లింది.

"పనికి సౌదీ వెళ్తున్నానండి. అక్కణ్ణించి డబ్బు పంపుకోవాలి" అంది.

మేనేజరు గారు విడమరిచి చెప్పారు. విదేశంలో పనికి వెళ్లేవారు ఆ సంగతి బ్యాంకుకు చెప్పాలి. పాత ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మారుస్తారు. విదేశంలో సంపాదించిన డబ్బు దాచుకోవడానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరుస్తారు. ఆ ఖాతాలో వచ్చే వడ్డీ మీద మన దేశంలో ఆదాయపు పన్ను పడదు.

"నా పేరునే తెరవండి. నామినీగా మా అమ్మాయి పేరు రాయండి" అంది నాగమణి.

ఆ రాత్రి సూరిబాబు ముఖం ముడుచుకున్నాడు.

"నా ఖాతా ఉంది కదా. నీకు వేరే ఎందుకు? నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

నాగమణి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"నమ్మకం ఉంది కాబట్టే పిల్లల్ని నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. ఇంటి ఖర్చు నెలనెలా నీకు పంపుతాను. కానీ లెక్క ఇద్దరికీ కనబడాలి. దొడ్డమ్మ కథ మన ఇంట్లో మళ్లీ జరగకూడదు."

సూరిబాబు వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు. తెల్లవారాక వచ్చి, "ఖర్చు పుస్తకం నాకివ్వు. నువ్వు లేనప్పుడు నేను రాస్తాను" అన్నాడు.

మేనేజరు గారు చెప్పిన ఇంకో మాట నాగమణి పుస్తకంలో రాసుకుంది. ఊరి సిమ్‌ను చంపుకోకూడదు. బ్యాంకు పంపే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెలు. 90 రోజులు వాడకుండా వదిలేస్తే సిమ్ ఆగిపోవచ్చు. తర్వాత ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు మన తలుపు దగ్గర ఇంకొకరు నిలబడినట్టే. అందుకని రీచార్జి చేయిస్తూ ఉండాలి. విదేశంలో కూడా సందేశాలు అందేలా రోమింగ్ పెట్టించుకోవాలి.

రియాద్‌లో జీతం

2024 సెప్టెంబరులో నాగమణి రియాద్ చేరింది. రియాద్ సౌదీ అరేబియా రాజధాని. అక్కడి డబ్బును రియాలు అంటారు. నాగమణి జీతం నెలకు 1,500 రియాళ్లు. ఒప్పంద పత్రంలో అదే రాసి ఉంది.

వెనక ఇంటి పనివారికి జీతం చేతికి ఇచ్చేవారు. కొందరు యజమానులు నెలల తరబడి ఇచ్చేవారు కాదు. ఇచ్చామంటే ఇచ్చామనేవారు. లేదంటే లేదు. రుజువు ఉండేది కాదు. 2024 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. ఇంటి పనివారి జీతం బ్యాంకు ద్వారాగానీ, ఫోను యాప్ ద్వారాగానీ ఇవ్వాలి. ముందు కొత్తగా వచ్చినవారికి ఈ పద్ధతి మొదలైంది. తర్వాత విడతలుగా పెంచారు. 2026 జనవరి 1 నుంచి ఇంట్లో పనివారున్న యజమానులందరికీ ఇది వర్తిస్తుంది. దీన్ని ముసానద్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా నడుపుతారు.

సౌదీలో ఫోనులోనే నడిచే బ్యాంకులు కూడా వచ్చాయి. వాటికి వీధిలో శాఖలు ఉండవు. ఎస్.టి.సి. పే అని ఫోనులో డబ్బు సంచి ఉండేది. దాన్ని బ్యాంకుగా మార్చడానికి 2021లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. 2025లో అది ఎస్.టి.సి. బ్యాంకుగా పని మొదలుపెట్టింది. డి360 అనేది అలాంటిదే ఇంకొకటి.

ఇలాంటి ఖాతా తెరవడానికి రెండు కావాలి. ఒకటి ఇకామా నంబరు. ఇకామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే గుర్తింపు కార్డు. రెండోది మన పేరున ఉన్న సౌదీ సిమ్.

నాగమణికి సాయం చేస్తానని తెలిసిన మనిషి ఒకడు వచ్చాడు.

"నీకు ఇదంతా ఎందుకమ్మా? నా నంబరు మీద తెరుస్తాను. నెలనెలా డబ్బు నేనే పంపుతాను" అన్నాడు.

"వద్దన్నయ్యా. నా సిమ్ మీదే తెరువు. పిన్ నేనే కొడతాను. నువ్వు అటు తిరిగి కూర్చో" అంది నాగమణి.

అతను నవ్వి అటు తిరిగాడు.

అక్కడ నాగమణికి ఒక చిక్కు వచ్చింది. కొట్లలో ధరలు అరబ్బీ అంకెల్లో రాసి ఉన్నాయి. అరబ్బీలో అయిదు చూడడానికి మన సున్నాలా ఉంటుంది. సున్నా ఏమో చుక్కలా ఉంటుంది. మొదట్లో 50ని చూసి తికమకపడింది. రాత్రి బడిలో చేసినట్టే చేసింది. పది అంకెలూ కాగితం మీద రాసుకుంది. పక్కన మన అంకెలు వేసుకుంది. వంటగదిలో అంటించుకుంది. వారంలో వచ్చేశాయి. అక్షరాలు నేర్చిన మనిషికి అంకెలొక లెక్కా!

మొదటి నెల జీతం పడిన రోజు ఫోను మోగింది. జమ 1,500 అని సందేశం. నాగమణి దాన్ని మూడుసార్లు చదివింది. చెరిపెయ్యలేదు. జీతం ఇచ్చారనడానికి ఆ సందేశమే రుజువు. ఏ నెల ఆగినా ఏ నెల తగ్గినా అందులో తెలిసిపోతుంది.

ఇంకొక రోజు పార్కులో ఒకామె పరిచయమైంది.

"నీ ఖాతాలో నా డబ్బు 5,000 వేయిస్తాను. నువ్వు తీసి నాకివ్వు. నీకు 100 ఇస్తాను" అంది.

నాగమణి ఒప్పుకోలేదు. మన ఖాతాలో పడిన డబ్బుకు మనమే జవాబు చెప్పాలి. అది దొంగ సొమ్మయితే పోలీసులు ముందు మన దగ్గరికే వస్తారు. గాజులు అరువిస్తాం. చీర అరువిస్తాం. ఖాతా మాత్రం అరువివ్వకూడదు.

"ఫీజు లేదు" అన్న బోర్డు

నాగమణి ఊరికి 1,000 రియాళ్లు పంపాలనుకుంది. రెండు చోట్ల అడిగింది. ఇక్కడ రాసినవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు. అసలు రేటు రోజూ మారుతుంది.

మొదటి చోట ఫీజు 15 రియాళ్లు. ఒక రియాలుకు 24 రూపాయలు ఇస్తామన్నారు.

రెండో చోట "ఫీజు లేదు" అని పెద్ద బోర్డు పెట్టారు. ఒక రియాలుకు 23 రూపాయల 40 పైసలు ఇస్తామన్నారు.

చాలామంది బోర్డు చూసి రెండో చోటికే వెళ్తున్నారు. నాగమణి పుస్తకం తీసింది.

మొదటి చోట: 1,000లో 15 పోతే 985. దాన్ని 24తో హెచ్చిస్తే 23,640 రూపాయలు.

రెండో చోట: 1,000ని 23.40తో హెచ్చిస్తే 23,400 రూపాయలు.

ఫీజు తీసుకున్న చోటే 240 రూపాయలు ఎక్కువ వచ్చాయి. ఫీజు లేదన్నవాడు రేటులో కోసుకున్నాడు. సంతలో కూడా అంతే. ధర తక్కువ చెప్పి తూకంలో కొట్టేవాడు ఉంటాడు. అందుకని ఒక్కటే మాట అడగాలి. "నేను ఇంత ఇస్తే మా ఊళ్లో ఎన్ని రూపాయలు చేతికొస్తాయి?" ఆ జవాబునే పోల్చి చూడాలి.

డబ్బు ముందు నాగమణి ఎన్.ఆర్.ఇ. ఖాతాకే వస్తుంది. అందులోంచి 12,000 సూరిబాబుకు ఇంటి ఖర్చుకు, అప్పుకు పంపుతుంది. మిగిలినది తన పేరునే ఉంటుంది.

ఊరి ఖాతాలోంచి అక్కణ్ణించే డబ్బు కదపడానికి కూడా దారి ఉంది. 2023 జనవరిలో 10 దేశాల ఫోను నంబర్ల మీద ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు యూపీఐ వాడుకునే అనుమతి వచ్చింది. వాటిలో సౌదీ, ఒమన్, ఖతర్, యు.ఎ.ఇ. ఉన్నాయి. మన బ్యాంకు ఆ సదుపాయం ఇస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

చూడడానికి వెళ్లేవారికి

పనికే కాదు, బిడ్డల్ని చూడడానికి విదేశం వెళ్లే తల్లులూ ఉన్నారు. సుబ్బలక్ష్మి పెద్దమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది. ప్రసవానికి సుబ్బలక్ష్మి అక్కడికి వెళ్లింది.

మన యూపీఐ కొన్ని దేశాల్లో పనిచేస్తుంది. 2021లో భూటాన్‌లో మొదలైంది. 2024 ఫిబ్రవరిలో శ్రీలంకలో, మారిషస్‌లో మొదలైంది. అదే నెలలో ఫ్రాన్సులో ఈఫిల్ టవర్ టికెట్లకూ వచ్చింది. సింగపూర్‌లో, యు.ఎ.ఇ.లో కూడా కొన్ని కొట్లలో తీసుకుంటారు. అన్ని కొట్లలోనూ కాదు. బోర్డు ఉన్నచోటే. బయలుదేరే ముందు యాప్‌లో విదేశాల్లో వాడుకునే మీట తెరుచుకోవాలి. అందుకని ఒక్క ఫోనునే నమ్ముకుని వెళ్లకూడదు. కార్డు ఒకటి, ఆ దేశపు నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోవాలి.

సుబ్బలక్ష్మి సింగపూర్ కొట్టులో కార్డు ఇచ్చింది. మిషను ఒక ప్రశ్న వేసింది. రూపాయల్లో కడతారా, సింగపూర్ డాలర్లలో కడతారా? రూపాయలంటే మనకు తెలిసినవే కదా అని అటు నొక్కబోయింది. కూతురు ఆపింది.

"అమ్మా, ఆ దేశపు డబ్బే నొక్కాలి. రూపాయలు నొక్కితే మిషనువాడు తనకిష్టమైన రేటు వేస్తాడు. మనకు ఎక్కువ పడుతుంది" అంది.

మన బ్యాంకు కూడా విదేశంలో కార్డు వాడితే కొంత రుసుము వేస్తుంది. ఎంతో బయలుదేరే ముందే అడగాలి.

సింగపూర్‌కు, మనకు మధ్య 2023 ఫిబ్రవరి 21న ఇంకో దారి తెరిచారు. అక్కడి పేనౌ పద్ధతిని మన యూపీఐతో కలిపారు. ఇప్పుడు సుబ్బలక్ష్మి కూతురు తల్లికి ఫోను నుంచే డబ్బు పంపుతుంది.

సత్యవతి కొత్త పుస్తకం

నాగమణి వెళ్లి ఏడాది దాటింది. శుక్రవారం ఆమెకు కాస్త తీరిక. ఒక శుక్రవారం దొడ్డమ్మకు వీడియోలో ఫోను చేసింది. ఖాతాలో ఎంత నిలవ ఉందో చదివి వినిపించింది. పక్కనే సూరిబాబు ఖర్చు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. అప్పు సగం తీరిందని చెప్పాడు.

"దొడ్డమ్మా, ఈ నెల మేడం ఊరెళ్లింది. నాలుగు రోజులు ఆలస్యంగా జీతం వేశారు. సందేశం చూపించి అడిగాను. వేశారు" అంది నాగమణి.

సత్యవతి మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుంది. తర్వాత రేకు డబ్బా దించింది. పాత రసీదులు తీసి ఒక గుడ్డలో కట్టింది. ఆ డబ్బాలో తన కొత్త పాసు పుస్తకం పెట్టుకుంది. కోళ్లు అమ్మి ఆమె దాచుకున్నది 3,200 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ అది ఆమె పేరున ఉంది. దాని తాళం చెవి ఆమె దగ్గరే ఉంది.

గుర్తుంచుకోండి

1. ఖాతా మీ పేరున ఉండాలి. సిమ్ మీ పేరున ఉండాలి. పిన్ మీకే తెలియాలి.
2. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. బ్యాంకువారమని అడిగినా చెప్పకండి.
3. పేరు చదివాకే పిన్ కొట్టండి.
4. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
5. ఫోను పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. సిమ్ ఆపించి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోండి.
6. మోసం జరిగితే 1930కి వెంటనే ఫోను చేయండి.
7. విదేశాలకు పనికి వెళ్లేవారు సలహాకు, సాయానికి 1800 11 3090 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది మన దేశంలో ఉచితం.

కొత్త మాటలు

జమ, క్రెడిట్ – ఖాతాలోకి డబ్బు వచ్చింది
డెబిట్ – ఖాతాలోంచి డబ్బు పోయింది
నిలవ, బ్యాలెన్సు – ఖాతాలో మిగిలి ఉన్న డబ్బు
నామినీ – మన తర్వాత ఖాతాలోని డబ్బు అందుకోవడానికి మనం రాయించిన మనిషి
మార్పిడి రేటు – ఒక దేశం డబ్బుకు ఇంకో దేశం డబ్బు ఎంత వస్తుందో చెప్పే లెక్క

లెక్క చేయండి

లక్ష్మి 500 రియాళ్లు పంపాలి. ఒక చోట ఫీజు 10 రియాళ్లు, రియాలుకు 24 రూపాయలు. ఇంకో చోట ఫీజు లేదు, రియాలుకు 23 రూపాయల 60 పైసలు. ఎక్కడ పంపితే ఇంటికి ఎక్కువ వస్తుంది? జాగ్రత్తగా లెక్కవేయండి. జవాబు ప్రతిసారీ ఒకేలా ఉండదు.

మాట్లాడుకోండి

1. సత్యవతి తమ్ముడు తప్పు చేశాడా? మీరేమంటారు?
2. నాగమణి వేరే ఖాతా అడిగితే సూరిబాబుకు ఎందుకు కోపం వచ్చింది? మీ ఇంట్లో అయితే ఏం జరిగేది?
3. పోలమ్మ అయిదు రోజులు ఎందుకు దాచింది? మీ సంఘంలో ఎవరికైనా అలా జరిగితే మీరు ఏం చేస్తారు?
4. మీ ఇంట్లో బ్యాంకు పుస్తకం ఎక్కడ ఉంది? అది ఎవరి పేరున ఉంది? ఈ రోజు ఇంటికి వెళ్లి తీసి చదవండి.